నాలుగున్నరేళ్ళలో 31 వేలే తిరిగిన బండి, అయినా వారంటీ ఆగింది: ఒక కేస్ పూర్తిగా

వారంటీ క్లెయిములు రిజెక్ట్ అయ్యేది బండిని అరగదీసి వాడేవాళ్ళకే అని చాలామంది అనుకుంటారు గానీ నేను చూసినంతలో అది తిరగబడి ఉంటుంది. కిలోమీటర్లు గబగబా పడే బండికి సర్వీస్ కూడా గబగబా వచ్చేస్తుంది, డాష్‌బోర్డ్ మీద గుర్తు వెలుగుతుంది, ఓనర్ కూడా తప్పదన్నట్టు వెళ్ళి చేయించుకుంటాడు. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ వెళ్ళని బండి ఉంటుంది చూడండి, దాని ఫైల్లోనే ఖాళీలు ఎక్కువ. ఎందుకంటే ఆ ఓనర్ మీటర్ చూస్తాడు, క్యాలెండర్ చూడడు.

నేను కొన్నేళ్ళు ఒక డీలర్ దగ్గర వారంటీ క్లెయిములు రాసే సీట్లో కూర్చున్నా, ఇప్పుడు బయట సొంతంగా ఇన్‌స్పెక్షన్లు చేస్తున్నా, కాబట్టి రెండు వైపులా ఏం నడుస్తుందో తెలుసు. ఈ కేసు ఓనర్ ఒప్పుకున్నాకే రాస్తున్నా, ఆయన పేరు గానీ కంపెనీ పేరు గానీ ఉండవు.

బండి వివరాలు

మూడు సిలిండర్ల చిన్న టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలు ఒకే లయలో తిరిగేలా కలిపి ఉంచే బెల్ట్) బయట పొడిగా కాకుండా ఇంజన్ లోపల ఆయిల్‌లో తడుస్తూ తిరిగే రకం, మేం వెట్ బెల్ట్ అంటాం. కంపెనీ వారంటీ 3 ఏళ్ళు, దాని మీద కొనుక్కున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకో 2 ఏళ్ళు, మొత్తం 5 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. సర్వీస్ 12 నెలలకి లేదా 15,000 కిలోమీటర్లకి, ఏది ముందొస్తే అది. హ్యాండ్‌బుక్‌లో ఇంకో పేజీ కూడా ఉంది, కఠినమైన వాడకం అని, అందులో ఇవే సగానికి సగం, అంటే 6 నెలలు లేదా 7,500.

కఠినమైన వాడకం అనగానే కొండలెక్కడం, లోడ్ లాగడం, దుమ్ములో తిరగడం అనుకుంటారు, అవి కూడా ఉన్నాయి, కానీ ఆ లిస్టులో మొదటి లైనే చిన్న చిన్న ట్రిప్పులు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే వాడకం. ఈయన ఆఫీసు ఇంటికి 3 కిలోమీటర్లు. పొద్దున 3, సాయంత్రం 3, ఎప్పుడో నెలకోసారి ఊరు దాటడం. ఆయన దృష్టిలో బండి చాలా సుఖంగా బతుకుతోంది, హ్యాండ్‌బుక్ దృష్టిలో మాత్రం కష్టపడుతోంది.

సర్వీస్ చరిత్ర ఇలా ఉంది. మొదటిది 12వ నెలలో, 7,900 కిలోమీటర్ల దగ్గర, డీలర్ దగ్గరే, టైముకే. రెండోది 31వ నెలలో, 19,200 దగ్గర, ఇదీ డీలర్ దగ్గరే. అంటే మధ్యలో 19 నెలలు. ఆయన లెక్క ఏంటంటే మొదటి సర్వీస్ తర్వాత ఇంకో 15 వేలు తిరగాలి, ఇంకా 11 వేలే అయింది, నేను ముందే చేయించాను అని. నిజానికి 7 నెలలు లేటు. మూడోది 44వ నెలలో, 25,600 దగ్గర, ఈసారి ఇంటి దగ్గర బయటి గ్యారేజీలో. బిల్లు మీద "ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, లేబర్" అని మూడు మాటలు, కింద మొత్తం, అంతే. 53వ నెలలో, 31,000 దాటాక, బండి ఆగింది.

ముందే కనిపించిన సూచనలు

ఆగడానికి కొన్ని వారాల ముందు నుంచీ పొద్దున్నే స్టార్ట్ చేసి గేటు దగ్గర బ్రేక్ నొక్కితే పెడల్ గట్టిగా ఉండి కిందికి దిగేది కాదట, కాసేపయ్యాక మామూలైపోయేది. గ్యారేజీలో చూపిస్తే బ్రేక్ ప్యాడ్లు బాగానే ఉన్నాయి అన్నారు. ప్యాడ్లు బాగానే ఉంటాయి, సమస్య అక్కడ కాదు. పెడల్ మెత్తగా, లోపలికి దిగిపోతుంటే ఫ్లూయిడ్ వైపు, గాలి చేరడం వైపు చూడాలి, పెడల్ గట్టిగా ఉంటే వాక్యూమ్ వైపు చూడాలి. ఈ రకం ఇంజన్లలో, పెడల్ తేలిగ్గా దిగడానికి సాయపడే బ్రేక్ బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ కోసం విడిగా ఒక పంపు ఉంటుంది, అది క్యామ్‌షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది, దానికి కావాల్సిన తడి ఇంజన్ ఆయిల్ నుంచే వస్తుంది, ఆ ఆయిల్ వెళ్ళే దారిలో చిన్న జల్లెడ. ఆ జల్లెడ మూసుకుంటే బ్రేక్ గట్టిపడుతుంది. ఇంజన్ ఆయిల్ చెడితే బ్రేక్ దగ్గర తెలియడం వింతగా అనిపిస్తుంది గానీ వెట్ బెల్ట్ బండ్లలో నేను అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

తర్వాత ఒకరోజు ట్రాఫిక్‌లో ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగింది. ఆయన అక్కడికక్కడే పక్కకి తీసి ఇంజన్ ఆపేసి టోయింగ్‌కి ఫోన్ చేశాడు. చాలామంది "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికెళ్ళి చూద్దాం" అంటారు. పసుపు రంగులో వెలిగితే చాలా బండ్లలో ఆయిల్ లెవెల్ సంగతి, చూసుకుని పోసుకోవచ్చు. ఎరుపు అంటే ప్రెషర్ లేదు, బేరింగులకి ఆయిల్ పొర అందట్లేదు, టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష తిప్పులు పైన తిరిగేది ఆ పొర మీదే. ఈయన ఆపేయడం వల్ల ఇంజన్ మిగిలింది, అంతే కాదు, క్లెయిమ్‌లో కూడా ఇదే మాకు పెద్ద పాయింట్ అయింది, ఎందుకంటే లైట్ వెలిగాక కూడా నడిపితే ఆ తర్వాత జరిగిన డ్యామేజీ అంతా ఓనర్ ఖాతాలోకే వెళ్తుంది, బండి కంప్యూటర్‌లో ఆ ఫాల్ట్ ఎప్పుడు పడింది, పడ్డాక ఎంత దూరం నడిచింది అనేది చాలావరకు దొరికిపోతుంది.

సర్వీస్ సెంటర్‌లో రెండో రోజే నోటి మాటగా చెప్పేశారు, సర్వీస్ హిస్టరీ సరిగ్గా లేదు, వారంటీ రాదు, ఇంజన్ విప్పడానికి ముందు మీరు సంతకం పెట్టాలి అని. అప్పుడు వచ్చాడు నా దగ్గరికి. "బండి తిప్పిందే లేదు కదా బాబూ, కొత్త బండి లాంటిది, ఇదెక్కడి న్యాయం" అన్నాడు. న్యాయం సంగతి తర్వాత సార్, ముందు ఏ సంతకం పెట్టకండి, ఎవరినీ ఏదీ విప్పనివ్వకండి అని చెప్పా.

విప్పే ముందు చేసినవి

ఈ దశలో ఓనర్లు ఎక్కువగా చేసే పని బండిని తెలిసిన మెకానిక్ దగ్గరికి లాక్కెళ్ళి చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి చూడటం. ఒకసారి బయట విప్పారంటే లోపల ఏది ఎలా ఉందో చెప్పడానికి సాక్ష్యం పోయినట్టే, కంపెనీ "మేం చూడకముందే కదిలించారు" అంటే దానికి సమాధానం ఉండదు. అందుకే బండి అక్కడే ఉంచి నేనే వెళ్ళా. మీటర్ రీడింగ్, వార్నింగ్ లైట్లు, స్కానర్‌లో పడిన కోడ్లు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ లెవెల్, ఆయిల్ పోసే ఫిల్లర్ మూత లోపలి వైపు, అన్నీ తేదీతో సహా ఫోటోలు. ఆయిల్ దింపేయకముందే సర్వీస్ అడ్వైజర్ కళ్ళెదుటే శాంపిల్ తీసి రెండు సీసాల్లో సీల్ చేశాం, ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి ఓనర్ దగ్గర.

డిప్‌స్టిక్ దగ్గరే సగం కథ తెలిసింది. లెవెల్ పై గీత దాటి ఉంది, వాసన చూస్తే పెట్రోల్. ఓనర్ పక్కనుంచి కాస్త గొప్పగానే అన్నాడు, ఈ బండి ఆయిల్ అస్సలు తాగదు, పోసినదానికంటే ఎక్కువే ఉంటుంది అని. ఎక్కువ ఎలా అవుతుంది, ఎక్కడి నుంచో వచ్చి చేరాలి కదా. చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, డైరెక్ట్ ఇంజెక్షన్‌లో అది నేరుగా సిలిండర్ లోపలే కొడుతుంది, గోడలకి అంటిన పెట్రోల్ పిస్టన్ రింగుల పక్క నుంచి జారి కిందికి ఆయిల్‌లోకి దిగుతుంది. ఆ పెట్రోల్, దాంతో పాటు చేరే నీటి ఆవిరి మళ్ళీ బయటికి పోవాలంటే ఆయిల్ బాగా కాగాలి. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చింది అంటే కూలెంట్ వేడెక్కింది అని మాత్రమే, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. 3 కిలోమీటర్ల ప్రయాణంలో ఆ వేడి రానే రాదు. రోజూ కొంచెం చేరడమే, పోవడం లేదు. 12 నెలలు అనే గడువు పెట్టింది ఇందుకే, తిరిగినా తిరగకపోయినా ఆయిల్ పాడవుతూనే ఉంటుంది, దానిలో యాసిడ్‌ని అణిచే మందు కూడా అయిపోతూ ఉంటుంది.

మామూలు ఇంజన్‌లో అయితే ఇది అరుగుదలతో, ఆయిల్ మడ్డితో (స్లడ్జ్) నెమ్మదిగా బయటపడేది. వెట్ బెల్ట్‌లో కథ వేరు. పెట్రోల్ కలిసిన ఆయిల్‌లో ఏళ్ళ తరబడి తడిసిన రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, అంచులు ఊడతాయి, ఆ పొట్టు అంతా కింద చాంబర్‌లోకి చేరి ఆయిల్ పంపు పీల్చుకునే జల్లెడకి అడ్డం పడుతుంది. అప్పుడు లెవెల్ నిండా ఉన్నా ప్రెషర్ ఉండదు.

ల్యాబ్ రిపోర్ట్ కూడా అదే చెప్పింది. ఆయిల్ చిక్కదనం ఉండాల్సిన గ్రేడ్ కంటే కిందికి పడిపోయింది, పెట్రోల్ శాతం ఎక్కువ. సీసం, రాగి మామూలుగానే ఉన్నాయి, అంటే బేరింగులు అరగలేదు. సిలికాన్ తక్కువ, అంటే ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి దుమ్ము రాలేదు. ఈ రెండు లైన్లు చూశాకే నాకు కేసు మీద ఆశ పుట్టింది, ఎందుకంటే డ్యామేజీ ఒకే దారిలో, ఒకే కారణంతో ఉంది, మిగతా ఇంజన్ బాగుంది.

రాతపూర్వకంగా ఇవ్వమన్నాం

నోటితో చెప్పిన రిజెక్షన్‌కి విలువ లేదు, ఏ క్లాజ్ కింద తిరస్కరిస్తున్నారో రాసివ్వమని ఓనర్ చేత మెయిల్ పెట్టించా. వచ్చిన జవాబులో మూడు అభ్యంతరాలు: ఒకటి, 19 నెలల గ్యాప్. రెండు, మూడో సర్వీస్ ఆథరైజ్డ్ కాని చోట. మూడు, వాడిన ఆయిల్ స్పెసిఫికేషన్‌కి రుజువు లేదు.

రెండోది తేలిగ్గా పోయింది. బయట చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుంది అనే మాట కౌంటర్లలో బాగా వినపడుతుంది గానీ చాలా చోట్ల చట్టం అలా లేదు. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్ మాస్ చట్టం, యూరప్‌లో 2010 నాటి 461 నంబర్ రెగ్యులేషన్, భారత్‌లో 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆర్డర్, వివరాల్లో తేడాలున్నా అన్నిటి మొగ్గూ ఒక వైపే, బయట చేయించాడు అనే ఒక్క కారణంతో వారంటీ తీసేయడాన్ని ఇవేవీ మెచ్చవు. కానీ ఎక్స్‌టెండెడ్ వారంటీ దగ్గర జాగ్రత్త, అది చాలాసార్లు కంపెనీ ఇచ్చేది కాదు, వెనకాల వేరే ఇన్సూరెన్స్ ఉంటుంది, దాని షరతుల కాగితం వేరే ఉంటుంది, ఓనర్లలో ఆ కాగితం చదివినవాడిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ కేసులో ఆ కాగితంలో "కంపెనీ చెప్పిన ప్రమాణాల ప్రకారం సర్వీస్" అని ఉంది తప్ప ఎక్కడ అనేది లేదు, కాబట్టి నిలబడ్డాం.

మూడోది మాత్రం గట్టిగా తగిలింది. బయటి గ్యారేజీకి వెళ్ళా, పాపం ఆయన మంచివాడు, సొంత పుస్తకంలో ఆ రోజు ఏ బండికి ఏ డబ్బా వాడాడో రాసుకున్నాడు, కొన్న బిల్లు కూడా తీసిచ్చాడు. ఆయిల్ 5డబ్ల్యూ-30, హ్యాండ్‌బుక్‌లో ఉన్నదీ 5డబ్ల్యూ-30. కానీ హ్యాండ్‌బుక్‌లో దాని పక్కన కంపెనీ అప్రూవల్ నంబర్ ఒకటి ఉంది, అది ఈ డబ్బా మీద లేదు. 5డబ్ల్యూ-30 అనేది చిక్కదనం మాత్రమే, చల్లగా ఉన్నప్పుడు ఎంత పారుతుంది, వేడిలో ఎంత నిలుస్తుంది అని. ఆ ఆయిల్ టర్బో వేడికి, రబ్బరుకి, బెల్ట్‌కి సరిపడుతుందా అనేది అప్రూవల్ చెప్తుంది. ఈ పాయింట్ మీద నేను వాదించలేదు, వాదిస్తే మిగతా వాటి మీద కూడా నమ్మకం పోతుంది. తప్పు ఆయిల్ 9 నెలలు నడిచింది, నిజమే, కానీ బెల్ట్ ఈ స్థితికి రావడం 9 నెలల పని కాదు అని మాత్రం రాశాం.

ఇక 19 నెలల గ్యాప్. ఇది ఓనర్ వైపు పొరపాటు, దాచడానికేం లేదు. కొన్ని కంపెనీలు గడువు మీద కొన్ని రోజులో వెయ్యి కిలోమీటర్లో వెసులుబాటు ఇస్తాయి, కొన్ని అదీ ఇవ్వవు, ఏదైనా 7 నెలలు అయితే ఎవరూ ఇవ్వరు. అయితే క్లాజ్ భాష చూడండి, "సర్వీస్ తప్పినందువల్ల కలిగిన డ్యామేజీ" కవర్ కాదు అని ఉంది. సర్వీస్ తప్పితే వారంటీ మొత్తం రద్దు అని లేదు. ఈ తేడా తెలియక ఏసీ కంప్రెసరో పవర్ విండో మోటారో పోయినప్పుడు కూడా "సర్వీస్ లేటైంది కదా, రాదులే" అని ఓనర్లే వదిలేసుకుంటారు, ఆయిల్ లేటుగా మారిస్తే విండో మోటారు పోదు కదా, అడగాలి.

కేసు తిరిగింది ఇక్కడ కాదు. ఛాసిస్ నంబర్ కొట్టి ఈ బండి మీద పెండింగ్ క్యాంపెయిన్లు ఏమున్నాయో ప్రింట్ ఇవ్వమన్నా. రీకాల్ అంటే అందరికీ తెలుసు, వార్తల్లో వస్తుంది, కానీ సర్వీస్ క్యాంపెయిన్, అంటే ఫలానా పని చేయమని కంపెనీ డీలర్లకి ఇచ్చే సూచన, డీలర్ సిస్టమ్‌లో మాత్రమే ఉంటుంది, బండి సర్వీస్‌కి వచ్చినప్పుడు చూసి చేయాలి, ఓనర్‌కి చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. ఈ ఇంజన్ మీద ఒకటి ఉంది: ప్రతి సర్వీస్‌లో ఫిల్లర్ మూత తీసి గేజ్‌తో బెల్ట్ వెడల్పు కొలవాలి, ఉబ్బి గేజ్ పట్టకపోతే బెల్ట్ మార్చాలి. రిలీజైంది బండి రెండో సర్వీస్‌కి ముందే. ఆ 31వ నెల జాబ్ కార్డు తీస్తే బెల్ట్ వెడల్పు గడి ఖాళీ. వాషింగ్ చేశారు, పాలిష్ చేశారు, దానికి బిల్లు కూడా వేశారు, గేజ్ మాత్రం పెట్టలేదు.

అప్పటిదాకా కాగితాల్లో ఖాళీ ఉన్నది ఓనర్ వైపే, ఇప్పుడు వాళ్ళ వైపు కూడా ఒకటి దొరికింది.

జాయింట్ ఇన్‌స్పెక్షన్, ఫలితం

అందరి ముందూ మూత తీశారు, గేజ్ పెడితే పట్టలేదు, బెల్ట్ అంచు పీచులు లేచి ఉంది, మీద సన్నటి పగుళ్ళు. చాంబర్ దించితే జల్లెడ నిండా నల్లటి రబ్బరు పొట్టు. వాక్యూమ్ పంపు జల్లెడలో కూడా అదే. ఒక బేరింగ్ మూత (బిగ్ ఎండ్ క్యాప్) తీసి లోపలి బేరింగ్ షెల్ చూశాం, గీతలు లేవు, ల్యాబ్ రిపోర్ట్‌తో సరిపోయింది. ఇంజన్ మొత్తం మార్చాలి అని మొదట అన్నవాళ్ళు అక్కడితో ఆ మాట ఆపేశారు.

కంపెనీ పై ఆఫీసుకి ఫైలు వెళ్ళి వచ్చింది. బెల్ట్, టెన్షనర్, ఆయిల్ పంపు, వాక్యూమ్ పంపు, ఈ భాగాలన్నీ వాళ్ళు ఇచ్చారు. లేబర్ చెరి సగం. ఆయిల్, ఫిల్టర్లు, లోపల కడగడం ఓనర్ ఖర్చు. దీన్ని వాళ్ళు వారంటీ అనలేదు, గుడ్‌విల్ అన్నారు, ఓనర్‌కి అది నచ్చలేదు, రిజెక్షన్ తప్పని ఒప్పుకోవాల్సిందే అని కూర్చున్నాడు. నేను తీసుకోమన్నా. గుడ్‌విల్ అనేది హక్కు కాదు, ఇవ్వకపోతే అడగలేం, 19 నెలల గ్యాప్, అప్రూవల్ లేని ఆయిల్ రెండూ మన వైపు ఉన్నప్పుడు కోర్టు దాకా వెళ్ళినా ఇంతకంటే బాగా వస్తుందని నాకు నమ్మకం లేదు. మిగిలిన 7 నెలల ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనసాగుతుందని మాత్రం రాతపూర్వకంగా తీసుకున్నాం, కఠినమైన వాడకం షెడ్యూల్ పాటించాలనే షరతుతో.

పనిలో పనిగా బ్రేక్ ఫ్లూయిడ్ చూశా, బండి కొన్నప్పటిదే. రెండేళ్ళకోసారి మార్చాలని పుస్తకంలో ఉంది, ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇది గాలిలో తేమని పీల్చుకునే ద్రవం, డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. దీనికీ కిలోమీటర్లతో సంబంధం లేదు. ఎలక్ట్రిక్ బండి కొన్నవాళ్ళు మాకు ఆయిల్ చేంజే లేదు అని మురిసిపోతారు గానీ ఈ ఫ్లూయిడ్ వాళ్ళకీ ఉంది.

బిల్లుల విషయంలో ఆయనకి చెప్పింది, బయట చేయించినా సరే బిల్లు మీద తేదీ, మీటర్ రీడింగ్, ఛాసిస్ నంబర్, ఆయిల్ గ్రేడ్‌తో పాటు అప్రూవల్ నంబర్, ఎన్ని లీటర్లు పోశారు, ఫిల్టర్ పార్ట్ నంబర్, ఇవి రాయించుకోవాలి, రాయడానికి బద్ధకిస్తే ఖాళీ డబ్బా లేబుల్ ఫోటో మీటర్‌తో కలిపి తీసుకోవాలి. డిజిటల్ హిస్టరీ ఉంది కదా అని ఊరుకోవద్దు, బయటి గ్యారేజీ ఎంట్రీ అందులో పడకపోవచ్చు, డీలర్ మారినప్పుడు పాతవి కనపడకపోవచ్చు, పీడీఎఫ్‌లు దగ్గర పెట్టుకోవాలి. గడువు కూడా ఫోన్‌లో నెలలతో పెట్టించా, కిలోమీటర్లతో కాదు.

రిపేర్ అయ్యాక వెయ్యి కిలోమీటర్లకే ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్పించాం, మూలల్లో మిగిలిన పొట్టు ఏమన్నా ఉంటే వచ్చేస్తుందని. మెకానికల్ గేజ్ పెట్టి వేడి మీద ఐడిల్‌లో ప్రెషర్ చూస్తే మాన్యువల్ హద్దుల్లోనే ఉంది. బ్రేక్ పెడల్ ఫిర్యాదు మళ్ళీ రాలేదు. వారానికోసారి అరగంట ఆగకుండా హైవే మీద నడపమని చెప్తే అదీ చేస్తున్నాడు. ఆరు నెలల సర్వీస్‌లో తీసిన శాంపిల్‌లో పెట్రోల్ శాతం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, ఆ 3 కిలోమీటర్ల ఆఫీసు ట్రిప్పులు ఉన్నంతకాలం పోదు కూడా. వారంటీ అయిపోయాక ఏడాదికోసారి చాలు కదా అని అడిగాడు, రిపోర్ట్‌లో ఆ లైన్ చూపించి ఆరు నెలలే ఉంచండి సార్ అన్నా.